నాగవ్వ ఉల్టా బీడీలు, నా గంప

ఎల్లారెడ్డిలో నాగవ్వ చుట్టిన బీడీ ఏదో గుర్తుపట్టాలంటే కంప్యూటర్ అక్కర్లేదు, కండ్లుంటే చాలు. ఈ సంగతి మా గల్లీలో అందరికీ ఎరుకే. పట్టించుకోనిది నేనొక్కణ్ణే. ఎందుకంటే నేను కంప్యూటర్ నేర్చినోణ్ణి.

నాగవ్వది మా పక్కిల్లే. నడుమ ఒకటే గోడ. ఆమె దగ్గితే మా ఇంట్లో గిన్నెలు కదులుతయి. వరసకు నాకు అత్త. పుట్టింది మహారాష్ట్ర హద్దుకున్న డోంగ్లి దిక్కు. ఎల్లారెడ్డికి కోడలుగా వచ్చి ఇన్నేండ్లయినా, కోపమొస్తే ముందుగాల మరాఠీ వస్తది, తెలుగు దాని వెనుక ఉరుక్కుంటా వస్తది. పెనిమిటి లింబాద్రి భివండిలో సాంచెల మీద బట్ట నేస్తడు. పండుగకు వస్తే చుట్టం లెక్క వస్తడు, పోతే మళ్ళా పండుగ దాకా మాట లేదు, మంచి లేదు. ఇద్దరు పిల్లల బడి, ఇంటి తిండి, అంతా నాగవ్వ ఒళ్ళో ఉన్న చాట మీదనే. ఆ చాటలో తడిపి కత్తిరించిన తునికాకు, ఒక పక్క తంబాకు, ఒక పక్క దారం ఉండ. ఆకు మీద చిటికెడు తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు, గోరుతో మూతి ముడుచుడు. నోరు మాట్లాడుతనే ఉంటది, తిడుతనే ఉంటది. చేతులు మాత్రం ఆ నోటితో మాకేం సంబంధం అన్నట్టు వాటి పని అవి చేసుకుంటయి.

తిరకాసంతా ఆ చేతుల్లోనే ఉన్నది. నాగవ్వది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు వాళ్ళమ్మ గరిటెతో కొట్టి కొట్టి తినుడు కుడి చేతికి మార్పించింది గని, బీడీ చుట్టుడు మార్పించలేకపోయింది. "తినే చెయ్యి మా అవ్వ మాటిన్నది, చేసే చెయ్యి నా మాటిన్నది" అంటది నాగవ్వ. అందరి బీడీలో ఆకు ఒక దిక్కు తిరిగితే ఆమె బీడీలో ఇంకో దిక్కు తిరుగుతది, అద్దంలో చూసినట్టు. తాగేటోనికి తేడా తెలువది, పొగ ఉల్టా రాదు కద. కాని చుట్టేటోళ్ళు, తీసుకునేటోళ్ళు చూపు పడంగనే "నాగవ్వది" అంటరు. గల్లీలో వాటి పేరే ఉల్టా బీడీలు.

ఇగ నా సంగతి. కామారెడ్డిలో డిగ్రీ రెండో ఏడు నడుమల బంద్ పెట్టిన. ఎందుకని అడిగితే "ఆ కాలేజీ నాకు చాలలేదు" అని చెప్తుంటి. కాలేజీ వాళ్ళను అడిగితే వేరే తీరుగ చెప్తరు. తర్వాత స్టేషన్ రోడ్డులో జిలానీ అన్న కంప్యూటర్ సెంటర్లో చేరిన. పెండ్లి కార్డులు కొట్టుడు, పిల్లలకు నేర్పుడు నా పని. పొద్దున ఎల్లారెడ్డిలో బస్సెక్కుడు, మాపటికి దిగుడు. ఫోన్ తీగకు తగిలించిన ఇంటర్నెట్ కామారెడ్డిలో అప్పటికి కొత్త. జిలానీ అన్న దుబాయిలున్న తమ్మునికి ఈమెయిల్ పంపుతుంటే దుకాణం ముందు మంది నిలబడేటోళ్ళు. వాళ్ళ నడుమ నుంచి "జరగండి, జరగండి" అనుకుంటా లోపలికి పోయేటప్పుడు నా నడకే మారేది.

ఆ దుకాణంలో ఎవరో వదిలిపోయిన ఇంగ్లిష్ కంప్యూటర్ పత్రికలో ఒక పేజీ చదివిన. పై దేశాల్లో కొన్ని కంప్యూటర్లు ఉన్నయట. మనం పంపిన మాట మీది పేరు తీసేసి, ఒకదాని నుంచి ఒకదానికి అందించుకుంటా పోతయట. నడుమ ఉన్న ఏ కంప్యూటర్‌కూ ఎవరు పంపిండ్రు, ఎవరికి ముడుతది అనే రెండూ ఒక్కసారి తెలువయట. చదివినంక నాకు అన్నం సయించలేదు. మన దగ్గర కూడ గిసొంటిది ఒకటి ఉండాలె అనుకున్న. ఎవరికి, ఎందుకు అని మాత్రం అనుకోలేదు.

ఎందుకో నాగవ్వ చెప్పింది.

మా గల్లీలో బీడీ కంపెనీ తరఫున ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు పేరు రాజలింగు. కట్టలు చూస్తడు, బాగలేవని కొన్ని తీసేస్తడు. తీసుకున్న కట్టకు తెల్ల దారం, తీసేసిన కట్టకు ఎర్ర దారం కడ్తడు. తీసేసుడు ఎక్కడైనా ఉన్నదే. తీసేసినవి ముందటనే విరిచి పారేస్తే ఏ గొడవా లేదు. ఈయన విరువడు. పక్కనున్న సంచిలో వేసుకుంటడు. ఆ సంచి ఇంటికి పోయి, అవే బీడీలు ఇంకెవరి పేరు మీదనో కంపెనీకే పోతయి. అడిగితే ఆకు బంద్. పోయిన ఏడు భూదవ్వ అడిగింది. రాజలింగు ఆమెకు ఆకు ఇచ్చుడు ఆపిండు. ఆకు తీసుకోక కొన్ని నెలలైతే కార్డు కొట్టేస్తరు. కార్డు పోతే పీఎఫ్ లేదు, బీడీ కార్మికురాలు అనే గుర్తే లేదు. జుట్టు నెరిసేదాక బీడీలు చుట్టిన భూదవ్వ ఇప్పుడు ఇటుకలు మోస్తున్నది.

ఒకనాడు నాగవ్వ గోడ మీదికెళ్ళి తల పెట్టి అడిగింది. "అల్లుడా, పేరు లేకుండ పైకి ఫిర్యాదు పంపే ఉపాయం నీ కంప్యూటర్ డబ్బల ఏమన్న ఉన్నదా? పేరు తెలిస్తే నా ఆకు బంద్ అయితది. గది ఒక్కటే నా భయం."

"పేరు లేకుండ ఏందత్తా? గల్లీ లేకుండ, చేతిరాత లేకుండ, ఏ దినం చెప్పినవో తెలువకుండ పంపుత."

"అన్నీ తీసేస్తే ఇగ ఏం మిగుల్తది? ఖాళీ కాయితం పోతదా?"

నవ్విన. తెలువనోళ్ళను చూసి తెలిసినోళ్ళు నవ్వే నవ్వు అది. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతయి.

ఎల్లారెడ్డిలో బాలలక్ష్మి మేడం టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. అందులో జిలానీ అన్న పెట్టిచ్చిన పాత కంప్యూటర్ ఉన్నది. ప్రోగ్రాం అక్కడ కూసొని రాసిన. పేరు గంప. పని సీదా. ఆడోళ్ళు వచ్చి చెప్తరు, బాలలక్ష్మి మేడం కొడ్తది. మాటల్లో ఉన్న పేర్లు, గల్లీ, తేదీ గంప తీసేస్తది. మిగిలినదాన్ని తాళం వేసి ఎవరికీ అర్థం కాని ముద్ద చేసి ఫ్లాపీ మీద పెడ్తది. ఫ్లాపీ నా టిఫిన్ డబ్బాతో పాటు బస్సులో కామారెడ్డి పోతది. అక్కడి కంప్యూటర్ తాళం తీసి, హైదరాబాద్‌లో కార్మికుల కోసం పనిచేసే ఒక సంఘానికి ఈమెయిల్ పంపుతది. వాళ్ళు పై ఆఫీసుకు చేరవేస్తరు. ఎల్లారెడ్డి డబ్బకు ఎక్కడికి పోతదో తెలువది, కామారెడ్డి డబ్బకు ఎవరు చెప్పిండ్రో తెలువది.

"మరి నీకూ నాకూ తెలుసు కద మార్కండేయా?" అన్నది బాలలక్ష్మి మేడం.

"మనం లెక్కలోకి రాం మేడం."

"నిజమే. నిన్నయితే ఎవరూ లెక్కలోకి తీసుకోరు."

మొదటి గంపలో లోపం జిలానీ అన్న పట్టిండు. "అరే భాయ్, ఒక్క మనిషి లోపలికి పోయింది, ఒక్క కాయితం బయటికి వచ్చింది. ఎవరిదని పిల్లగాడు కూడ చెప్తడు." అందుకని రెండో గంప రాసిన. ఇందులో నాలుగైదు ఫిర్యాదులు పడేదాక గంప మూత తియ్యది. పడ్డంక ఊపి, వరుస మార్చి, అన్నీ ఒక్కసారి వదులుతది. భద్రం పెరిగింది. కాని నాలుగైదు మంది దొరకాలె కద? ఒక్కావిడ చెప్పిపోయి, మిగతావాళ్ళు రాక, ఆమె మాట గంపలోనే ముక్కిపోయింది.

దానికి ఇంకో ఉపాయం. గంప నిండనీకి ఉత్తుత్తి ఫిర్యాదులు నేనే రాసి వేసిన. కామారెడ్డి డబ్బ వాటిని గుర్తుపట్టి పారేయాలె. అన్నిటినీ పారేసింది, ఒక్కటి తప్ప. అది నేను మా బాపు మాటలతో రాసింది: "నా కొడుకు కాలేజీ బంద్ పెట్టి డబ్బ ముందట కూసుంటున్నడు, తిండికి తప్ప దేనికీ పనికొస్తలేడు, న్యాయం చెయ్యాలె." నాలుగు దినాలకు సంఘం నుంచి జవాబు వచ్చింది. కొడుకును కొట్టవద్దని, ఓపికతో మాట్లాడాలని, ఏదన్న చేతిపని నేర్పించాలని రాసిండ్రు. జిలానీ అన్న దాన్ని ప్రింట్ తీసి దుకాణంలో గోడకు అంటించిండు. ఇంకా ఉన్నది.

వేగం సంగతి కూడ చెప్పాలె. ఆ పాత కంప్యూటర్ ఒక ఫిర్యాదుకు తాళం వేసేలోపల బాలలక్ష్మి మేడం చాయ్ పెట్టి, తాగి, గిలాస కడిగేది. నేను పట్టు పట్టి, వచ్చిన లెక్కలు, రాని లెక్కలు అన్నీ తిప్పి తిప్పి రాసి, ఆ పని చిటికెలో అయ్యేటట్టు చేసిన. సంబురంగ ఫ్లాపీ పట్టుకొని బస్సెక్కిన. ఆ దినం లింగంపేట దాటంగనే టైరు పంక్చర్. డ్రైవర్ కింద కూసొని బీడీ ముట్టిచ్చిండు. నేను మిగిలిచ్చిన వేగమంతా ఆ బీడీ పొగలోనే పోయింది.

ఎట్లనన్న గాని, ఎండకాలం మొదట్లో నాగవ్వ ఫిర్యాదు సిద్ధమయింది. ఇంకో ఇద్దరివి, రెండు నా ఉత్తుత్తివి కలిసి గంప నిండింది. ఫ్లాపీ తీసుకుంటుంటే నాగవ్వ కొంగు కింది నుంచి ఎర్ర దారం కట్టిన బీడీ కట్ట తీసి నా ముందట పెట్టింది.

"ఇది గూడ పంపు. ఆయన సంచిలకెళ్ళి నా కట్ట నేనే గుంజుకొచ్చిన. ఉత్త మాటలు ఎవలు నమ్ముతరు? ఎర్ర దారం కట్టిండు, మంచిగున్న బీడీలు తీసేసిండు, కండ్లతోని చూసుకోమను."

"బ్రహ్మాండమైన సాక్ష్యం అత్తా" అన్న. పాత పేపర్లో పొట్లం కట్టిన. పొట్లం మీద పేరు రాయలేదు, ఊరు రాయలేదు. ఎంత జాగ్రత్త! జిలానీ అన్న దోస్తు హైదరాబాద్ పోతుంటే, ఇది ఫలానా ఫిర్యాదుది అని చెప్పి సంఘంలో ఇమ్మన్న. సంఘం వాళ్ళు రెండూ కలిపి పై ఆఫీసుకు ఇచ్చిండ్రు. ఆ ఆఫీసులో ఎవరో పెద్దమనిషి, ఫిర్యాదూ పొట్లమూ రెండూ కంపెనీకే పంపి "మీ వివరణ ఇవ్వండి" అన్నడు. కంపెనీ వాళ్ళు దాన్ని రాజలింగుకు పంపిండ్రు.

రెండు నెలలు గడిచినంక ఒక ఆదివారం పొద్దున బీడీలు ఇచ్చే యాళ్లకు రాజలింగు తన అరుగు మీద ఆ కాయితం తీసిండు. ఆడోళ్ళంతా చాటలు, గుడ్డసంచులు పట్టుకొని నిలబడ్డరు. నేను కూడ పోయిన. నా గంప పనితనం నా కండ్లతో చూడాలె కద.

"ఎవలో నా మీద రాసిండ్రు" అన్నడు రాజలింగు. "పేరు లేదు. గల్లీ లేదు. తేదీ లేదు. చేతిరాత గూడ లేదు, మిషిని మీద కొట్టిచ్చిండ్రు." కాయితం ఇటు తిప్పిండు, అటు తిప్పిండు. నాకు ఛాతీ ఉబ్బి అంగీ గుండీలు తెగుతయా అనిపించింది.

అప్పుడు పొట్లం విప్పిండు. కట్టలోంచి ఒక బీడీ గుంజి, వేళ్ళ నడుమ ఒక్క చుట్టు తిప్పిండు. మళ్ళా చూడనన్న చూడలేదు.

"నాగవ్వా, నీ కట్ట నీకు వాపస్ వచ్చింది. తీస్కో. రేపటిసంది ఆకుకు రాకు."

నాగవ్వ పోయి కట్ట తీసుకున్నది, కొంగులో కట్టుకున్నది, నడిచింది. నేను వెనుకనే ఉరికిన. మలుపు తిరిగినంక ఆగింది.

"కాయ్ రే! ఏమాయె అల్లుడా? నీ గంపకు అడుగే లేకపాయె."

"గంపది ఏం తప్పు లేదత్తా. గంప నుంచి ఒక్క అక్షరం బయటపడలేదు. మూడో గంప రాస్త, అందుల..."

"మూడోది నాకు రేపు ఆకిస్తదా?"

"ఇయ్యది."

"మరెందుకు దాని ముచ్చట? పిల్లలకు బడి తెరిచే దినాలొచ్చినయి. నాలుగు నెలలు ఆకు లేకుంటే నా కార్డు గూడ భూదవ్వ కార్డు తీరుగనే పోతది. పో, పోయి నీ డబ్బకు చెప్పు."

పోయి చెప్పిన. అంటే, కూసొని మూడో గంప మొదలుపెట్టిన. మొట్టమొదటి వరుసలో "ఫిర్యాదు వెంట బీడీలు పంపరాదు" అని తెర మీద వచ్చేటట్టు రాసిన. ఇల్లు కాలినంక బావి తవ్వేటోడు నాకంటె నయం, వానికి నీళ్ళన్న దొరుకుతయి.

నాగవ్వ మాత్రం తెల్లారే చాట పట్టుకొని హఫీజా ఇంటికి పోయింది. హఫీజా మా గల్లీ చివర ఇంట్లో ఉంటది, ఆమెదీ బీడీల పనే. కార్డు లేనోళ్ళు కార్డున్నోళ్ళ ఆకు తీసుకొని, వాళ్ళ పేరు మీద చుట్టి, కూలి పంచుకునుడు మా దిక్కు ఎప్పటిసంది ఉన్నదే. కొత్త కోడండ్లు, కార్డు రాని ఆడపిల్లలు గట్లనే చేస్తరు. "మా అరుగు మీద కూసో నాగవ్వా, నా ఆకు నాతోని అయితలేదు" అన్నది హఫీజా. కాని ఒక్క ఇంట్లో మిగిలే ఆకు ఎంత? అందుకని నాగవ్వ ఒకనాడు హఫీజా అరుగు మీద, ఒకనాడు దాని ఎదురింట్లో, ఒకనాడు ఇంకో మలుపులో. ఎక్కడ ఆకు మిగిలితే అక్కడ కూసున్నది. అక్కడ తన చాట ఎత్తేలోపల ఇక్కడివాళ్ళు పిలిచేటోళ్ళు. ఆమె వస్తే పనికి పని, ముచ్చటకు ముచ్చట.

వారం దాటినంక రాజలింగు అరుగు మీద హఫీజా కట్ట విప్పిండు. నేను బస్సు కోసం పోతూ అక్కడే ఆగిన.

"ఇవి నాగవ్వ బీడీలు" అన్నడు.

"నా కార్డు మీద వచ్చినయి, నావే" అన్నది హఫీజా.

"నువ్వు ఎప్పటిసంది ఎడమ చేత్తోని చుడుతున్నవు?"

"మొన్నటిసంది. కుడి చెయ్యి గుంజుతున్నది. దవాఖానాకు పోతె తగ్గుతదా రాజలింగన్నా, నువ్వు చెప్పు?"

వెనుక నిలబడ్డవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నరు. రాజలింగు హఫీజా కట్ట పక్కకు పెట్టి ఇంకొకామెది విప్పిండు. అందులోనూ అయిదారు ఉల్టా. ఇంకొకటి విప్పిండు. అందులోనూ. "ఏమాయె మీకందరికీ? అందరికీ కుడి చెయ్యి గుంజుతున్నదా?" అని ఒర్రిండు. "నాకు మోచెయ్యి" అన్నది ఒకామె. "నాకు మెడ కాడినుంచి" అన్నది ఇంకొకామె.

ఉల్టా ఉన్న కట్టలన్నీ తీసేసిండు. సంచి నిండింది, కంపెనీ లారీ నిండలేదు; ఫిర్యాదు కంపెనీ దాక పోయినంక ఆ సంచి సరుకు వేరే పేరు మీద ఎక్కియ్యనీకి ఆయనకు ధైర్యం చాలలేదు. రెండో వారం కూడ అంతే. ఒక్కొక్క కట్ట విప్పి ఉల్టావి ఏరుకుంటా కూసుంటే లారీ హారన్ కొట్టి కొట్టి పోయింది. కామారెడ్డి నుంచి కంపెనీ మనిషి వచ్చి, సరుకు ఎందుకు తక్కువ పడుతున్నదని గల్లీ నడుమల నిలబడి రాజలింగును తిట్టిండు. బీడీ బాగలేదా అంటే బాగున్నది. మరెందుకు తీసేసినవంటే చెప్పనీకి ఏమున్నది?

నేను ఆగలేక నాగవ్వ దగ్గరికి ఉరికిన. "అత్తా, నేను రెండో గంపలో రాసింది ఇదే! అందరివి కలిపి ఊపితే ఎవరివి ఏవో ఏరుకోరాదు!"

"నువ్వేం రాసినవు? నేను కూలికి పోయిన" అన్నది, చాటలోంచి తల ఎత్తకుండనే.

మూడో వారం ఒక సాయంత్రం రాజలింగు నాగవ్వ ఇంటికి వచ్చిండు. నడుమ ఒకటే గోడ అని ముందే చెప్పిన కద. నేను చెవి పెట్టలేదు, గోడే చెవికి ఆనింది.

"నాగవ్వా, నీ ఆకు నువ్వు తీస్కో. నీ బీడీలు నీ కట్టలల్లనే రావాలె. మంది కట్టలు ఖరాబు చెయ్యకు."

"తీసేసినవి మా ముందట విరువాలె."



"విరువనని ఎవలన్నరు?"

"నీ సంచి అన్నది."

"సరే తియ్. విరుస్త."

"మరి భూదవ్వ ఆకు?"

"ఆమె కార్డు కంపెనీలనే కొట్టేసిండ్రు. ఇగ అది నాతోని కాదు. ఒట్టు."

నాగవ్వ సోమవారం పోయి ఆకు తెచ్చుకున్నది. తెచ్చుకున్న దినమే ఇటుకల కాడికి మనిషిని పంపి భూదవ్వను పిలిపిచ్చింది.

ఆ వచ్చే ఆదివారం నేను మళ్ళా అరుగు కాడికి పోయిన. ఈసారి నా పనితనం చూడనీకి కాదు; చూడనీకి ఏం లేదు కూడ. రాజలింగు ఒకామె కట్టలోంచి తీసేసిన బీడీలను మొహం గంటు పెట్టుకొని, అందరి ముందట టప్పు టప్పుమని విరుస్తున్నడు. తర్వాత నాగవ్వ వంతు. కట్ట విప్పిండు. పైన ఉన్నవి ఉల్టా. కింద ఉన్నవి సీదా. భూదవ్వ చెయ్యి కూడ ఆయనకు ఎరుకే. ఒక ఉల్టా బీడీ, ఒక సీదా బీడీ రెండు వేళ్ళ నడుమ పట్టుకొని నాగవ్వ దిక్కు చూసిండు.

"ఏందన్నా," అన్నది నాగవ్వ, "నాకు గూడ చెయ్యి గుంజుతున్నది."

రాజలింగు రెండు బీడీలూ కట్టలో పెట్టి, తెల్ల దారం తీసిండు.